వై.వి. స్ట్రీట్ వెనక సందులో మూలికల అంగడి: అతిమధురం అడిగితే ముందు ‘ఎవరికి?’ అన్నారు

“నూరు గ్రాములు అతిమధురం ఇవ్వండి” అన్నాను. పెద్దాయన డబ్బా దించలేదు. “ఎవరికమ్మా?” అన్నారు. మా అమ్మకు, దగ్గు, అన్నాను. “వయసెంత? బీపీ ఉందా? బిళ్ళలేమన్నా వేసుకుంటాందా?” ఉంది, వేసుకుంటుంది అన్నాను. “అయితే ఇది ఆమెకొద్దు. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమను. తగ్గకపోతే డాక్టరుకు చూపియ్యి” అనేసి, నా వెనకాల నిలబడినాయనకు శొంఠి తూచడం మొదలుపెట్టారు.

నేను ఆ పూట అతిమధురం కొనడానికి పోలేదు, ఆ ప్రశ్న అడుగుతారా లేదా చూడ్డానికే పోయాను. కడపలో నాలుగు అంగళ్ళలో అదే మాట అడిగాను. మూడు చోట్ల మారుమాట లేకుండా పొట్లం కట్టి చేతికిచ్చారు. ఇక్కడ ఒక్కచోటే బేరం పోయినా పరవాలేదనుకుని అడిగారు. నేను డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్తాను, మంచి మూలికలు యాడ దొరుకుతాయి మేడం అని తెలిసినవాళ్ళు, పిల్లల తల్లిదండ్రులు అడుగుతూనే ఉంటారు. ఇన్నాళ్ళూ చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉంది, అందుకే వివరంగా రాస్తున్నా. అంగడి పేరు మాత్రం రాయడం లేదు, పెద్దాయన వద్దన్నారు. బోర్డు మీద అక్షరాలు ఎలాగూ ఎండకు చెరిగిపోయినాయి. వై.వి. స్ట్రీట్ వెనక సందుల్లో మూలికల అంగడి అంటే ఎవరైనా చూపిస్తారు.

నాకు ఈ ప్రశ్న మీద ఎందుకింత పట్టింపో చెప్పాలి. పోయిన ఏడాది వానాకాలంలో మా అమ్మకు పొడి దగ్గు పట్టుకుంది. అమ్మకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి, రెండిటికీ ఏళ్ళుగా బిళ్ళలు వేసుకుంటోంది. ఎవరో ఫోన్లో పంపిన వీడియో చూసి అతిమధురం కషాయం మొదలుపెట్టింది. తియ్యగా ఉంటుంది, చక్కెర కాదు, దగ్గు కూడా తగ్గింది, ఇంకేం కావాలి. ఆ తియ్యదనం నచ్చి కాఫీలో చక్కెర బదులు కూడా అదే పొడి వేసుకోవడం మొదలుపెట్టింది. అలా రోజుకు మూడు నాలుగు చెంచాలు, దాదాపు రెండు నెలలు. కొన్నది వేరే అంగడిలో, ఒకేసారి అర కిలో. వాళ్ళు ఏమీ అడగలేదు. అదే ఇంట్లో ఉండి, ఇదే సబ్జెక్టు పాఠం చెప్పే నేనూ అడగలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ముందు కాళ్ళు పీకడం అంది, వయసు కదా అనుకున్నాం. తర్వాత పాదాలు వాచాయి. ఒకరోజు పొద్దున పూజ చేసుకుని పీట మీంచి లేవబోతే లేవలేకపోయింది, తొడల్లో పట్టు లేదు, నేనూ మా ఆయనా చెరో చెయ్యి పట్టుకుని లేపాం. ఆసుపత్రికి తీసుకుపోతే బీపీ 190 మీద 110. రక్తపరీక్షలో పొటాషియం 2.6, ఉండాల్సింది 3.5 నుంచి 5 మధ్య. అంత పడిపోతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది, నాకు ఆ అంకె చూడగానే చేతులు చల్లబడ్డాయి. డాక్టరు బిళ్ళల చీటీ అంతా చూసి, పక్కన పెట్టి, అమ్మనే నేరుగా అడిగారు: “ఇంట్లో కషాయాలేమన్నా తాగుతున్నారా పెద్దమ్మా?” అంతే, అక్కడ తేలిపోయింది.

జరిగింది ఇదీ. అతిమధురం వేరులో తీపినిచ్చే పదార్థం పేరు గ్లిసిరైజిన్, చక్కెర కంటే 30 నుంచి 50 రెట్లు తియ్యన. పేగుల్లోని బ్యాక్టీరియా దాన్ని విడగొట్టి గ్లిసిరెటినిక్ ఆమ్లం చేస్తాయి. ఆ ఆమ్లం కిడ్నీలో ఒక ఎంజైమును పట్టి ఆపేస్తుంది. ఆ ఎంజైము కిడ్నీ కణాల్లోకి వచ్చిన కార్టిసాల్ అనే హార్మోన్‌ను కార్టిసోన్‌గా మార్చి పనికిరాకుండా చేస్తూ ఉంటుంది. ఎందుకు చెయ్యాలంటే, కార్టిసాల్, ఉప్పును పట్టి ఉంచమని కిడ్నీకి చెప్పే ఆల్డోస్టిరాన్ అనే ఇంకో హార్మోన్, రెండూ ఒకే తాళానికి పట్టే తాళంచెవులు, పైగా రక్తంలో కార్టిసాల్ ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది. ఎంజైము కాపలా లేకపోతే కార్టిసాలే పోయి ఆ తాళం తీసేస్తుంది. కిడ్నీకి ఏమో ఆల్డోస్టిరాన్ వచ్చినట్టే లెక్క, ఇక ఉప్పును, నీటిని పట్టి ఉంచుతుంది, పొటాషియాన్ని మూత్రంలోకి పారబోస్తూ పోతుంది. అమ్మ వేసుకునే బీపీ బిళ్ళలో హైడ్రోక్లోరోథయజైడ్ కూడా కలిసి ఉంది, అదీ పొటాషియాన్ని బయటికి పంపేదే. రెండూ తోడయ్యాయి. యూరప్‌లో ఆహార శాస్త్రవేత్తల కమిటీ 2003లో, రోజుకు 100 మిల్లీగ్రాముల గ్లిసిరైజిన్ దాటకపోవడం మంచిదని చెప్పింది. వేరులో అది నూటికి నాలుగు పాళ్ళే ఉందనుకున్నా, పది గ్రాముల పొడిలో 400 మిల్లీగ్రాములు. అమ్మ రెండు నెలలు అలా తాగింది.

దీన్నిబట్టి అతిమధురం చెడ్డదని ఎవరూ అనుకోవద్దు. అదే గ్లిసిరైజిన్‌ను జపాన్‌లో దీర్ఘకాలిక కాలేయ వాపుకు ఇంజెక్షన్‌గా దశాబ్దాలుగా ఇస్తున్నారు. ఒంట్లో అంత పని చేయగలిగిన పదార్థం కాబట్టే ఎవరికి, ఎంత, ఎన్నాళ్ళు అని అడగాలి. ‘ఆకే కదా, వేరే కదా, ఏమవుతుంది’ అనే మాట నాకు ఇప్పుడు వినబుద్ధి కాదు.

అంగడి సంగతికొస్తే, చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. రెండు షట్టర్ల వెడల్పు కూడా లేదు. మూతి చుట్టిన గోనె సంచుల్లో కరక్కాయలు, తానికాయలు, ఉసిరి పెచ్చులు, తుంగముస్తలు, శీకాయ, కుంకుళ్ళు. వెనక గోడకు రేకు డబ్బాలు, వాటి మీద పెయింటుతో రాసిన పేర్లు. లోపలికి అడుగు పెట్టగానే వస, పిప్పళ్ళు, మట్టి కలిసిన ఒక ఘాటు ముక్కుకు తగులుతుంది, మా అవ్వ పెట్టె తెరిచినట్టుంటుంది నాకు. పెద్దాయన ఒక కాటా ముందు, కొడుకు ఒక కాటా ముందు. నాకు బాగా నచ్చింది ఏంటంటే ఇక్కడ దాదాపు అన్నీ ముక్కలుగా, వేర్లుగా, కాయలుగానే అమ్ముతారు, పొడి కావాలంటే మన కళ్ళ ముందే దంచి ఇస్తారు. పొడి అయిపోయాక దేనిలో ఏం కలిసిందో ఎంత చదువుకున్నవాళ్ళకైనా కంటితో తెలీదు.

తిప్పతీగనే తీసుకోండి. కరోనా టైములో ప్రతి ఇంట్లోనూ దాని కషాయమే. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి రాశారు. ఆయుష్ శాఖ దానికి జవాబుగా, అది తిప్పతీగ అయ్యుండదు, దాన్ని పోలిన ఇంకో జాతి అయ్యుండొచ్చు అంది. ఆ వాదన ఎటు తేలినా కొనేవాళ్ళకు పనికొచ్చే సంగతి ఒకటుంది: ఆ రెండో జాతి కాడ మీద బొడిపెలు ఉంటాయి, మన తిప్పతీగ కాడకు అలాంటి బొడిపెలు ఉండవు. కాడ చేతిలో ఉంటే చూసుకోవచ్చు, పొడిలో ఏం చూస్తాం? ఇక్కడ తిప్పతీగ అడిగితే వేలెడు పొడవు ముక్కలు ఇస్తారు. కాలేయం జబ్బు ఉన్నవాళ్ళకు, ఒంటి రోగనిరోధక శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బులున్నవాళ్ళకు ఇవ్వరు, ఇది కూడా అడిగే ఇస్తారు.

ఎండాకాలం పోయేవాళ్ళు తప్పకుండా చూడాల్సింది నన్నారి వేర్లు. మన రాయలసీమలో నన్నారి షర్బత్ తాగనివాళ్ళు ఎవరు? కానీ అది దేంతో చేస్తారని అడిగితే సగం మంది సుగంధిపాల అంటారు, సగం మంది మారేడు గడ్డలంటారు (శివుడి పూజకు వాడే మారేడు చెట్టు కాదు, ఇది వేరే తీగ). పెద్దాయన రెండూ తీసి నా ముందు పెట్టారు. సుగంధిపాల వేరు సన్నగా, తీగలా, ముదురు గోధుమరంగులో, పైన అడ్డంగా చీలికలతో ఉంది. విరిస్తే టప్పున విరిగింది, లోపల పసుపు పచ్చని చెక్క. మారేడు గడ్డ బొటనవేలంత లావు, కండ తెల్లగా, మధ్యలో గట్టి నారలాంటి కాడ. పెద్దాయన ఆ గడ్డను రోట్లో ఒక్క దెబ్బ వేసి కండను వొలిచి, మధ్య కాడను పక్కన పారేసి, తెల్లటి ముక్క నా అరచేతిలో పెట్టారు. వాసన చూస్తే ఐస్‌క్రీం అంగడిలో నిలబడినట్టుంది. ఆ వాసనకు కారణం ఒక చిన్న అణువు, రెండు మొక్కల్లోనూ అదే ఉంటుంది. వెనిలా కాయల్లో ఉండే వెనిలిన్‌కు, దీనికి అణుసూత్రం ఒకటే, ఎనిమిది కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు, మూడు ఆక్సిజన్లు. వలయం మీద రెండు గుంపులు కూర్చున్న చోటు మాత్రం వేరు. మా ఫైనలియర్ పిల్లలకు ఐసోమర్ల పాఠం ఇక ఈ గడ్డ చేతికిచ్చే చెప్తాను.

ఆ అణువు ఆవిరైపోయే రకం. అందుకే పెద్దాయన “మరగబెట్టొద్దు, వేన్నీళ్ళలో రాత్రి నానేసి మూత పెట్టు” అన్నారు. ఆయన కెమిస్ట్రీ చదవలేదు, కానీ మాట నూటికి నూరు పాళ్ళు సరి. నేను రెండు రకాలుగానూ చేసి చూశాను, మూత లేకుండా మరగబెట్టిన దాంట్లో వగరు తప్ప ఏమీ మిగల్లేదు, వంటిల్లంతా మాత్రం ఘుమఘుమలాడింది. ఒక్క దిగులు ఏంటంటే ఈ గడ్డలు అడవిలో తవ్వి తెచ్చేవే, తవ్వితే మొక్క పోతుంది, అంతరించిపోయే ముప్పున్న జాతుల్లో ఈ మారేడు గడ్డల తీగ పేరుంది. పావు కిలోతో ఇంటికి ఎండాకాలమంతా సరిపోతుంది, కిలోలు కిలోలు కొని దాచుకోకండి.

పొడపత్రి ఇక్కడ బాగుంటుంది, ఆకు ఆకుగా, పచ్చదనం పోకుండా నీడలో ఎండబెట్టింది. ఒకరోజు నాతో ఇద్దరు స్టూడెంట్లను తీసుకుపోయాను. పెద్దాయన ఆ పిల్లలకు రెండేసి ఆకులిచ్చి రెండు నిమిషాలు నమిలి ఉమ్మేయమన్నారు. తర్వాత పక్క టీ అంగడి నుంచి కాగితంలో కాస్త చక్కెర తెప్పించి నాలుక మీద వేశారు. అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి, “మేడం, ఇసుక! ఇసుక నోట్లో పోసినట్టుంది” అంది. పలుకులు పళ్ళ కింద కరకరమంటున్నాయి, తీపి మాత్రం లేదు. నేనూ నమిలి, జేబులో ఉన్న బెల్లం ముక్క వేసుకుంటే మెత్తటి మట్టిలా ఉంది. ఉప్పు వేసుకుంటే ఉప్పగానే ఉంది, నిమ్మ పుల్లగానే ఉంది. పొడపత్రిలో జిమ్నెమిక్ ఆమ్లాలనే పదార్థాలుంటాయి, అవి నాలుక మీద తీపిని కనిపెట్టే గ్రాహకాలను పట్టుకుని కూర్చుంటాయి, అరగంటో ఇంకాసేపో అయ్యాక వదిలిపోతాయి. మిగిలిన రుచుల జోలికి పోవు. హిందీలో దీన్ని గుడ్‌మార్ అంటారు, బెల్లాన్ని చంపేది అని.

దీనికి రక్తంలో షుగరు తగ్గించే గుణం కూడా ఉందని కొన్ని చిన్న పరీక్షల్లో కనబడింది. కానీ అంగట్లో చెప్పిన మాట నాకు అన్నిటికన్నా నచ్చింది. ఆ పిల్లవాడు వాళ్ళ నాన్నకు తీసుకుంటానంటే పెద్దాయన, “మీ నాయన బిళ్ళ మానేసి ఇది వేసుకుంటే తప్పు. బిళ్ళతో పాటు వేసుకుంటే షుగరు మరీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి, అది ఇంకో తప్పు. ముందు డాక్టరును అడిగి రాపో నాయనా” అన్నారు. పిల్లవాడు ఉత్త చేతులతో వచ్చేశాడు. మళ్ళీ వారం పోయాక అడిగి వచ్చి కొన్నాడు, అది కూడా చెప్పాలి.

ఇక బిళ్ళగన్నేరు. ఇది మాత్రం కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన వీధుల్లో ప్రతి గడప ముందూ ఉండే మొక్క ఇది, షుగరుకు దాని ఆకులు నమిలేవాళ్ళు నాకు తెలిసే అయిదారుగురు ఉన్నారు. నేను అక్కడ ఉన్నప్పుడే ఒకాయన, పల్లె నుంచి వచ్చినట్టున్నాడు, బిళ్ళగన్నేరు ఆకు పొడి ఉందా అని అడిగాడు. “మేం పెట్టం” అన్నారు పెద్దాయన. “యాడైనా దొరుకుతుంది గదా, దానికేమైంది?” అంటాడు ఆయన. “అది క్యానసర్ మందు నాయనా, షుగరుకు గాదు” అన్నారు. ఆయన నమ్మినట్టు లేదు. నేను ఆగలేక బయటికి వచ్చి ఆయనకు పది నిమిషాలు చెప్పాను, ఇక్కడా అదే చెప్తాను.

1950ల్లో జమైకా నుంచి ఒక డాక్టరు ఈ ఆకుల్ని కెనడాకు పంపించాడు, అక్కడి జనం షుగరుకు ఈ ఆకుల టీ తాగుతారని. రాబర్ట్ నోబుల్, ఛార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు దాని సారం తీసి ఎలుకలకు ఇచ్చారు. షుగరు తగ్గలేదు. ఎలుకలు మాత్రం ఇన్‌ఫెక్షన్లతో చచ్చిపోవడం మొదలుపెట్టాయి. ఎందుకా అని రక్తం చూస్తే తెల్లకణాలు దారుణంగా పడిపోయి ఉన్నాయి. వేరేవాళ్ళైతే పనికిరాదని పారేసేవాళ్ళు. వీళ్ళు అక్కడే ఆగి ఆలోచించారు, తెల్లకణాలను ఇంత పడగొట్టేది తెల్లకణాలు విపరీతంగా పెరిగే రక్త క్యానసర్‌కు ఎందుకు పనికిరాదు? అలా 1958లో విన్‌బ్లాస్టిన్ బయటికొచ్చింది. దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపు లాగడానికి ట్యూబులిన్ అనే ప్రొటీనుతో తాళ్ళు అల్లుకుంటుంది, ఈ మందులు ఆ తాళ్ళు అల్లుకోకుండా చేస్తాయి. చిన్నపిల్లలకు వచ్చే లుకేమియాకు ఇచ్చే మందుల్లో విన్‌క్రిస్టిన్ ఇప్పటికీ ముఖ్యమైనది. ఎంత మంది పిల్లలు బతికారో ఈ పూలమొక్క వల్ల, తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. అయితే ఆ మందు ఆకులో ఎంత కొంచెం ఉంటుందంటే ఒక్క గ్రాము తీయడానికి వందల కిలోల ఎండుటాకు కావాలి. దాన్ని డాక్టరు మిల్లీగ్రాముల లెక్కన, నరంలోకి, తెల్లకణాలు లెక్క చూసుకుంటూ ఎక్కిస్తాడు. అలాంటి ఆకును పొద్దున్నే పరగడుపున నమలడం షుగరు వైద్యం ఎట్లవుతుంది?

అట్లని మొక్కల నుంచి షుగరు మందు రాలేదా అంటే వచ్చింది. మా అమ్మ పొద్దునా సాయంత్రం వేసుకునే మెట్‌ఫార్మినే దానికి ఉదాహరణ. యూరప్‌లో గాలెగా అనే మొక్కలో గాలెజిన్ అనే పదార్థం షుగరు తగ్గిస్తుంది, కానీ అది ఉన్నదున్నట్టు వాడితే విషం. దాన్ని పోలిన అణువులను తయారుచేసి చేసి, 1957లో పారిస్‌లో జాన్ స్టెర్న్ అనే డాక్టరు మెట్‌ఫార్మిన్‌ను రోగులకు ఇచ్చి చూపించాడు. నాటు మందు, ఇంగ్లీషు మందు అని రెండు జట్లు కట్టి కొట్టుకునేవాళ్ళు ఈ ఒక్క బిళ్ళ కథ చదివితే చాలు.

కౌంటరు వెనక, కింది వరసలో, తాళం వేసిన ఒక చెక్క అర ఉంది. ముష్టి గింజలు, వత్సనాభి, ఉమ్మెత్త గింజలు, గురివిందలు అందులో ఉంటాయి. ఇవన్నీ మన డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్‌లో షెడ్యూల్ ఈ-1 అనే విషద్రవ్యాల పట్టీలో ఉన్నవి, వీటితో చేసిన మందు సీసా మీద వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని రాయాలి. చీటీ లేనిదే ఆ అర తెరవరు. గురివిందల్ని మాత్రం వినాయక చవితికి మట్టి బొమ్మ కళ్ళకని అడుగుతారు కదా, అప్పుడు రెండే రెండు గింజలు లెక్కపెట్టి ఇచ్చి, “పిల్లోల్లు నోట్లో పెట్టుకోకుండా చూసుకో, నిమజ్జనం దాకా కన్నేసి ఉంచు” అని ప్రతి ఒక్కరికీ చెప్తారట. గురివింద పొట్టు గట్టిది, అది పగలకుండా మింగితే చాలాసార్లు అలాగే బయటికి పోతుంది. కొరికితే మాత్రం లోపలి ఏబ్రిన్ కణాల్లో ప్రొటీన్లు తయారయ్యే యంత్రాన్నే ఆపేస్తుంది, విరుగుడు మందు లేదు.

బావంచాలు కొనేవాళ్ళకు చెప్పే మాట కూడా నాకు తృప్తిగా అనిపించింది. బొల్లి మచ్చలకు వాడతారు ఇవి. వీటిలోని సొరాలెన్ డీఎన్‌ఏ మెట్ల మధ్య దూరి కూర్చుంటుంది, మీద ఎండలోని అతినీలలోహిత కిరణం పడగానే రెండు పోగులనూ కలిపి కుట్టేస్తుంది. ఆసుపత్రుల్లో ఇదే సూత్రం మీద కొలిచి కొలిచి వెలుతురు పెడతారు. కొలత లేకుండా పూసుకుని కడప మే నెల ఎండలో నిలబడితే చర్మం బొబ్బలెక్కుతుంది. “చర్మం డాక్టరు చెప్తేనే” అంటారు ఇక్కడ. విరేచనానికి వాడే సునాముఖి ఆకుకు అయితే చిన్న పొట్లమే కడతారు, వారం మించి వాడొద్దంటారు.

పసుపు కొమ్ములు మైదుకూరువి, మంచివి. ఒకటి విరిచి చూపిస్తారు, లోపల ముదురు నారింజ రంగు. పొడి పసుపు బయట కొనేవాళ్ళకు ఒక్క మాట: చిటికెడు పొడిని స్పిరిట్‌లో కలిపి, ల్యాబు యాసిడ్ రెండు చుక్కలు వేసి, నీళ్ళు పోసినా గులాబీ రంగు పోకపోతే అది మెటానిల్ ఎల్లో అనే రంగు. మేం ఏటా కాలేజీలో చేయిస్తాం, ఇంట్లో పిల్లల చేత యాసిడ్ ముట్టించకండి. ఇక పాలల్లో పసుపు గురించి, కర్కుమిన్ ఒంటికి సరిగ్గా ఎక్కదు, కాలేయం వచ్చింది వచ్చినట్టు మార్చి పంపేస్తుంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్ళు రెండు గ్రాముల కర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల్లోని ఘాటు పదార్థం, కలిపి ఇస్తే ఎక్కడం 20 రెట్లు పెరిగింది. మిరియం ఆ మార్చే ఎంజైములను నెమ్మదింపజేస్తుంది కాబట్టి. కూరలో వేసుకునేంత మిరియంతో భయం లేదు. కానీ పైపరిన్ క్యాప్సూళ్ళు మింగేవాళ్ళు గుర్తుపెట్టుకోండి, ఆ నెమ్మదింపు కర్కుమిన్ ఒక్కదానికే కాదు, ఫిట్స్ బిళ్ళ ఫెనిటోయిన్ లాంటి వాటికీ వర్తిస్తుంది.

ఇంత పొగిడాను, నచ్చనివి కూడా చెప్పాలి. కౌంటరు మీద ఒక మూల రంగురంగుల సీసాలున్నాయి, కీళ్ళ నొప్పుల నూనెలు, ‘షుగరుకు శాశ్వత పరిష్కారం’ చూర్ణాలు, వాటిమీద పెద్ద అక్షరాలతో ‘సైడ్ ఎఫెక్టులు లేవు’ అని. వేర్లు అమ్మేటప్పుడు అంత జాగ్రత్త పడే మనిషి ఇవి ఎందుకు పెట్టారు అని అడిగాను. కొడుకు పెట్టాడట, అంగడి బాడుగ వాటితోనే వెళ్తుందట. నాకు ఆ జవాబు సరిపోలేదు, ఆయనతోనే ఆ మాట అన్నాను. లోపల ఏముందో ఎంతుందో రాయని సీసా దగ్గర ‘బీపీ ఉందా’ అని అడిగి కూడా లాభం లేదు కదా. ఇంకొకటి, పొట్లాల మీద పేరు తప్ప తేదీ ఉండదు, సరుకు ఎప్పుడొచ్చిందో రాయరు. ఒకసారి నాకు ఇచ్చిన ఉసిరి పెచ్చుల్లో అడుగున బూజు కనబడింది, తీసుకుపోతే మాట్లాడకుండా మార్చి ఇచ్చారు, సంచి మొత్తం లోపలికి తీసేశారు. అయినా వానాకాలంలో కొనేవాళ్ళు చూసి కొనండి. బిల్లు అడిగితేనే ఇస్తారు, అడగండి. ధరలు మిగతా చోట్లకంటే కాస్త ఎక్కువే, పొడపత్రి నూరు గ్రాములు 70 రూపాయలు తీసుకున్నారు, నేను దాని గురించి బేరం ఆడలేదు. ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నా, ఆ ఒక్కటీ సీసాల కోసం తగ్గించాను.

జనం ఎక్కువుంటే విసుక్కోకుండా నిలబడండి, ప్రతి ఒక్కరినీ అడుగుతారు కాబట్టి ఆలస్యం అవుతుంది. పోయేటప్పుడు ఇంట్లో ఎవరికోసమో వాళ్ళు వాడే బిళ్ళల చీటీ ఫోన్లో ఫోటో తీసుకుపోండి. కిడ్నీ జబ్బు ఉందా, గర్భిణా, రక్తం పలచబడే మందులున్నాయా అని వాళ్ళు అడగకముందే మీరే చెప్పండి. ఆపరేషన్ తేదీ దగ్గరుంటే ఏదీ కొనకండి, ముందు డాక్టరుకు చెప్పండి.

అమ్మకు పొటాషియం మామూలుకు రావడానికి మూడు వారాలు పట్టింది, ఇప్పుడు 4.2. మొన్న ఉగాదికి ముందు తనే వస్తానంటే ఆటోలో తీసుకుపోయాను. మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోబోతే వద్దని తనే ఎక్కింది. పెద్దాయన ఆమె చీటీ చూసి, బిళ్ళల పేర్లన్నీ తన పద్దుల పుస్తకంలో వెనక పేజీలో రాసుకున్నారు, మా ఇంటి నుంచి ఎవరొచ్చి ఏం అడిగినా అది చూసే ఇస్తారట. అమ్మ పావు కిలో మారేడు గడ్డలు తీసుకుంది, షర్బత్‌కు. అందులో చక్కెర వెయ్యనని ఆయనకు మాట కూడా ఇచ్చింది. పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది, శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలు మూసేస్తారు.